నీటిజాడే కప్పజాడ

తెలుగునాట కప్ప ఇంట్లోకి రావడం ఒక వార్త కాదు. తొలకరి పడిన రాత్రి అది గడప దాటి వచ్చి, దీపం కింద పురుగుల కోసం కాచుకొని కూర్చునేది. స్నానాలగదిలో నీళ్ళగోలెం వెనుక గోడకు కరచుకొని ఒక చెట్టుకప్ప నెలల తరబడి కాపురం ఉండేది. దానిని ఎవరూ పిలువలేదు, ఎవరూ పనిగట్టుకొని వెళ్ళగొట్టలేదు. వానలు మొగం చాటేసిన ఏడు పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్ళు పోయించుకొంటూ కప్పతల్లి ఆట ఆడేవారు. ఋగ్వేదం ఏడవ మండలంలో మండూకాలకు ఒక సూక్తమే ఉన్నది. కప్పకూ నీటికీ గల చుట్టరికాన్ని మన పెద్దలు అంత దగ్గరగా చూశారు.

అమెరికాలో మన పిల్లలకు కప్ప పరిచయమయ్యే తీరు వేరు. ఇక్కడ అది గాజుపెట్టెలో, దీపపు వెలుతురులో, తన పేరుతో, తన వంతు మిడతలతో ఇంటికి వస్తుంది. శాన్ రామన్‌లోని ఒక ఇంట్లో శనివారం ఉదయం మేత వేయబోయిన పిల్లవాడికి పెట్టె మూత కొద్దిగా జరిగి, లోపల ఖాళీగా కనిపించిందనుకొందాం. ఆ క్షణం నుండి ఇంటిల్లిపాదికీ అదే పని. రెండంతస్తుల ఇల్లు, నాలుగు పడకగదులు, గోడ నుండి గోడ వరకు కార్పెట్. వెదకవలసినది అరచేతిలో పట్టేంత ప్రాణి. అది అరవదు, వాసన రాదు, పిలిస్తే పలుకదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక సోఫాలు తలక్రిందులు చేయడం సహజమే. కాని ఆ తొందరలోనే కప్పకు ఎక్కువ హాని జరుగుతుంది.

కప్ప శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి ఈ అన్వేషణ చాలావరకు సులభమవుతుంది. దాని సారాంశం ఒక్క మాటలో చెప్పవచ్చును: తప్పిపోయిన కప్పను వెదకడమంటే ఇంట్లో నీటిని వెదకడమే. అది ఎందుకో, ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చర్మమే గొంతు, చర్మమే ముక్కు

కప్ప నోటితో నీళ్ళు త్రాగదు. ఈ సంగతిని 18వ శతాబ్దం చివరలో రాబర్ట్ టౌన్సన్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు కప్పలను పెంచి, పరిశీలించి వెల్లడించాడు. తడిసిన కాగితం మీదనో, తడినేల మీదనో కప్ప పొట్ట ఆనించి కూర్చుంటే చాలు. పొట్ట అడుగున, తొడల మధ్యన ఉన్న పలుచని చర్మం నీటిని లోపలికి పీల్చుకొంటుంది. అక్కడ రక్తనాళాలు వలవలె అల్లుకొని ఉంటాయి. ఈ భాగాన్ని శాస్త్రజ్ఞులు త్రాగే మచ్చ అని పిలుస్తారు. మొత్తం చర్మంలో అది చిన్న భాగమే అయినా, దాహంతో ఉన్న కప్ప పీల్చే నీటిలో అధికభాగం అక్కడినుండే ప్రవేశిస్తుంది. కొన్ని గోదురుకప్పలు నీటిలో ఉప్పు అధికంగా ఉన్నదేమోనని ఈ చర్మంతోనే రుచి చూసి, నచ్చకపోతే లేచిపోతాయని ప్రయోగాలలో తేలింది.

చర్మకణాల పొరల గుండా నీరు ఇంత వేగంగా ఎలా వెళ్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం దొరకడంలో కూడ కప్పదే ప్రధానపాత్ర కావడం విశేషం. కణం చుట్టూ ఉండే పొరలో నీటికోసమే ప్రత్యేకమైన ద్వారాలు ఉన్నాయని 1992లో పీటర్ ఆగ్రే బృందం నిరూపించింది. వారు ఆఫ్రికా ఖండపు గోళ్ళకప్ప అండాలలో ఆ ద్వారాన్ని తయారుచేసే సందేశాన్ని ఎక్కించి, పలుచని ద్రవంలో వేశారు. మామూలు అండాలు అలాగే ఉన్నాయి. సందేశం ఎక్కించినవి కొద్ది నిమిషాలలో ఉబ్బి పగిలిపోయాయి. ఆక్వాపోరిన్లు అని పేరుపొందిన ఈ ద్వారాలను కనుగొన్నందుకు ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన మూత్రపిండాలలోనూ, కప్ప పొట్టచర్మంలోనూ పనిచేసేవి ఈ కుటుంబానికి చెందిన ద్వారాలే.

చర్మం చేసే రెండవ పని శ్వాస. కప్పకు ఊపిరితిత్తులు ఉన్నా, బొగ్గుపులుసు వాయువులో ఎక్కువభాగం చర్మం ద్వారానే వెలుపలికి పోతుందని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ 1904లో చూపించాడు. వాయువులు ఇటూ అటూ పోవాలంటే చర్మం ఎల్లప్పుడూ తడిగా ఉండాలి. కప్పను ముట్టుకొంటే జిగటగా తగలడానికి కారణం ఇదే.

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివిన మన తరంవారు మైనపు పళ్ళెంలో కప్పను గుండుసూదులతో బిగించి, గుండెను, పేగులను, నరాలను గుర్తుపట్టి మార్కులు తెచ్చుకొన్నారు. చర్మాన్ని మాత్రం మొదటనే కత్తిరించి పక్కకు మడిచేవారు. నిజానికి కప్ప జీవన రహస్యం అంతా ఆ పక్కకు మడిచిన పొరలోనే ఉన్నది.

లాభం ఉన్నచోట నష్టం కూడ ఉంటుంది. నీటిని సులభంగా లోనికి రానిచ్చే చర్మం అంత సులభంగానూ బయటికి పోనిస్తుంది. చాలా జాతుల కప్పల ఒంటినుండి నీరు దాదాపు తెరచి ఉంచిన నీటిపళ్ళెం నుండి ఆవిరి అయినట్లే ఆవిరి అవుతుంది. ఒంటిలోని నీరు ఎంత పోయినా తట్టుకోగలదన్నది జాతినిబట్టి మారుతుంది. నీటిలోనే బ్రతికే జాతులకంటే పొడినేలలలో బ్రతికే జాతులు ఎక్కువ నష్టాన్ని ఓర్చుకొంటాయని 1943లో థోర్సన్, స్విహ్లా అనే పరిశోధకులు చూపించారు. నీరు తగ్గుతున్నదని తెలిసిన కప్ప మూత్రాశయంలో దాచుకొన్న నీటిని తిరిగి రక్తంలోకి తీసుకొంటుంది. కాళ్ళు, చేతులు పొట్టక్రిందికి ముడుచుకొని, గడ్డం నేలకు ఆనించి, గాలి తగిలే మేర తగ్గించుకొంటుంది. అప్పుడు అది కప్పవలె కాక ఒక గులకరాయివలె కనిపిస్తుంది. వెదికేవారు గుర్తుంచుకోవలసిన ఆకారం అదే.

శాన్ రామన్ ఇల్లు ఒక చిన్న ఎడారి

డయాబ్లో పర్వతం నీడలో ఉన్న శాన్ రామన్ లోయకు వానాకాలం మన కార్తీకంతో మొదలై ఉగాది నాటికి ముగింపుకు వస్తుంది. మే నుండి సెప్టెంబరు వరకు వాన దాదాపు ఉండదు. కొండలు బంగారురంగు గడ్డితో ఎండిపోతాయి. అప్పుడు ఇంట్లో ఎయిర్ కండిషనర్ గాలిలోని తేమను తీసివేస్తుంది. చలికాలంలో బయట వాన కురుస్తున్నా, లోపల హీటరు గాలిని వేడిచేసి పొడిగా మారుస్తుంది. అంటే ఏ ఋతువులో తప్పించుకొన్నా కప్పకు ఎదురయ్యేది పొడిగాలే.

దానికి తోడు కార్పెట్. కప్ప నాలుగు గెంతులు వేసేసరికి దాని ఒంటి తడికి నూలుపోగులు, వెంట్రుకలు, దుమ్ము అంటుకొంటాయి. చెట్టుకప్పల వ్రేళ్ళ చివర ఉండే గుండ్రని దిండ్లు పలుచని జిగురు పొరతో గోడను పట్టుకొంటాయి. దుమ్ము పేరుకొంటే ఆ పట్టు సడలుతుంది. అందుచేత ఎక్కడం ప్రారంభించిన కప్ప జారి క్రిందపడి, గోడవెంబడి నడిచి, మొదట దొరికిన ఇరుకు సందులో దూరుతుంది.

ఈ చిన్న ఎడారిలో ఒయాసిస్సులు ఎక్కడ ఉన్నాయో ఒక కాగితంమీద వ్రాసుకోవడం మేలు. స్నానాలగదిలో తొట్టి పక్క, షవరు మూల, టాయిలెట్ వెనుక. వంటింట్లో తొట్టి క్రింది అలమర, డిష్‌వాషరు అంచు. రిఫ్రిజిరేటరు క్రింద నీరు ఓడే పళ్ళెం ఉంటుంది, యంత్రపు వెచ్చదనమూ ఉంటుంది. కప్పకు ఇంతకంటే సుఖమైన చోటు లేదు. లాండ్రీ గదిలో ఉతికే యంత్రం వెనుక, విడిచిన తడిబట్టల బుట్ట. నీళ్ళ హీటరు ఉన్న మూల. ఇక తెలుగువారి ఇళ్ళకు ప్రత్యేకమైనవి కొన్ని: చలికి లోపలికి తెచ్చి కిటికీ వద్ద ఉంచిన కరివేపాకు కుండీ, తులసికోట, పూజగదిలో నిన్నటి కలశం, ద్వారం పక్కన వరుసగా విడిచిన చెప్పులు, బూట్లు. తడిమన్ను ఉన్న కుండీలో కప్ప ఆకులక్రింద పూడుకొని కొన్ని రోజులు హాయిగా ఉండగలదు.

ఏ కప్ప, ఎంత వ్యవధి

పెంపుడు కప్పలన్నీ ఒక్కతీరువి కావు. మీ ఇంట్లోది ఏ జాతిదో దానినిబట్టి వెదికే ఎత్తు, తొందర రెండూ మారుతాయి.

ఆఫ్రికా మరుగుజ్జు కప్ప పూర్తిగా నీటిజీవి. చేపల తొట్టినుండి దూకితే దానికి గంటలే గడువు. అది దూరం పోలేదు. తొట్టి ఉన్న బల్ల క్రింద, గోడమూలల్లో, కార్పెట్ అంచున ముందుగా చూడాలి.

పాక్‌మన్ కప్ప అని పిలిచే దక్షిణ అమెరికా కొమ్ముకప్ప బరువైనది, సోమరి. అది ఎక్కదు, త్రవ్వుకొంటుంది. మంచాలక్రింద, బట్టలకుప్పలో, తువాలు మడతలో, నేలమీద పడి ఉన్న పుస్తకాల సంచి అడుగున దాని స్థానం.

చెట్టుకప్పలు ఎక్కుతాయి. తెర వెనుక, తెర కడ్డీ పైన, తలుపు పైచట్టంమీద, గోడకు వ్రేలాడే పటం వెనుక, స్నానాలగది అద్దం పైన చూడవలసి ఉంటుంది. మనుషులు పోయిన వస్తువును కంటికి సమానమైన ఎత్తులోనో, క్రిందనో వెదుకుతారు, పైకి చూడరు. ఆస్ట్రేలియానుండి వచ్చిన వైట్స్ ట్రీ ఫ్రాగ్ ఒంటిమీద మైనంవంటి పూత ఉండడంచేత ఇతర జాతులకంటే పొడిగాలిని కొంత ఎక్కువకాలం ఓర్చుకొంటుంది.

ఎర్రపొట్ట కప్పలు ఒంటినుండి విషపదార్థం స్రవిస్తాయి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే కప్పకే కాదు, వాటికీ ప్రమాదమే.

వెదికే విధానం

మొదటి పని వెదకడం కాదు, ఆపడం. ఎక్కడివారు అక్కడ నిలబడి కాళ్ళక్రింద చూసుకోవాలి. కుక్కను, పిల్లిని ఒక గదిలో ఉంచాలి. గదుల తలుపులు మూసి, తలుపు క్రింది సందులను తడిపి పిండిన తువాళ్ళతో కప్పాలి. అవి అడ్డుగోడలూ అవుతాయి, ఎరలూ అవుతాయి. ఎయిర్ కండిషనరు లేదా హీటరు ఆపివేయాలి. నేలమీద గాలి వచ్చే జాలీలు ఉంటే గుడ్డ కప్పాలి. తనంతట తాను తిరిగే వాక్యూమ్ యంత్రాన్ని ఆపాలి. వెనుకకు వాలే కుర్చీలను కదపకూడదు. వాటి ఇనుపకీళ్ళ మధ్య చిన్నప్రాణులు నలిగిపోతాయి. ఎలుకలకోసం పెట్టిన జిగురు అట్టలను తీసివేయాలి. బట్టలు యంత్రంలో వేసేముందు ఒక్కొక్కటి దులిపి చూడాలి. టాయిలెట్ మూతలు దించాలి.

రెండవ పని పెట్టె చుట్టూ చూడడం. చాలా కప్పలు ఆ గది దాటవు. పెట్టె వెనుక, దీపపు తీగల వద్ద, బల్ల అడుగుభాగంలో, పెట్టెలోపలే మట్టిక్రింద మొదట చూడాలి. పోయిందనుకొన్న కప్ప తన పెట్టెలోనే చిప్పక్రింద నిద్రపోతూ దొరకడం కద్దు.

పగటిపూట ఒక గది తరువాత ఒక గది, గోడవెంబడి, ఒకే దిశలో తిరిగి రావాలి. వస్తువులను లాగకుండా మెల్లగా ఎత్తి చూడాలి. వెదికిన గదిని మూసివేసి, మరలా తెరువరాదు. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు పరుగెత్తితే కప్పలను తక్కెడలో తూచినట్లే అవుతుంది.

పగలు దొరకకపోతే నిరాశపడనక్కర లేదు. పెంపుడు కప్పలలో చాలాజాతులు నిశాచరాలు. అసలు అవకాశం చీకటి పడిన తరువాతనే. ప్రతి గదిలోనూ గోడ ప్రక్కన ఒక లోతులేని పళ్ళెంలో నీళ్ళు, దాని పక్కన తడి తువాలును గుహవలె మడిచి ఉంచాలి. దీపాలన్నీ ఆర్పి, ఒక గంట ఇల్లు నిశ్శబ్దంగా ఉంచాలి. తరువాత టార్చిలైటును కంటి పక్కన పట్టుకొని నేలవెంబడి మెల్లగా కాంతి ప్రసరింపజేయాలి. కప్ప కన్ను ఎదురుగా ఉంటే చిన్న చుక్కవలె మెరుస్తుంది. చెవులు కూడ పని చేయాలి: కాగితం గీకిన చప్పుడు, గోడకు ఏదో మెత్తగా తగిలిన చప్పుడు వినిపించవచ్చు. మగకప్ప అయితే అదే జాతి పిలుపును ఫోనులో మెల్లగా వినిపించినా, కుళాయి నీళ్ళు పారించినా కొన్నిసార్లు బదులు పలుకుతుంది.

చేయకూడనివి కూడ చెప్పాలి. ఎలుకజాడకోసం పిండి చల్లినట్లు కప్పకోసం చల్లరాదు. పొడి దాని ఒంటి తడిని పీల్చివేస్తుంది. ఆ రోజు నేల తుడిచే మందులు, దోమలమందు, సువాసన స్ప్రేలు, సాంబ్రాణి పొగ వద్దు. నీటిని పీల్చే చర్మం వీటినీ పీల్చుకొంటుంది.

పళ్ళెంలో పోసే నీటి విషయంలో ఇక్కడివారికి ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. క్లోరిన్ కలిపిన నీటిని ఒక రాత్రి తెరచి ఉంచితే క్లోరిన్ పోతుందని చాలామంది ఎరుగుదురు. కాని ఈస్ట్ బే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ 1998 నుండి క్లోరిన్‌కు బదులు క్లోరమీన్ వాడుతున్నది. మనుషులు త్రాగడానికి అది క్షేమమే. కప్పలకూ చేపలకూ హానికరం. అది ఒక రాత్రి నిలవ ఉంచినందువల్ల పోదు. చేపల దుకాణాలలో దొరికే, క్లోరమీన్‌ను తొలగించే ద్రావకం కలిపిన నీటినే వాడాలి.

దొరికిన తరువాత

చేతులు ఆ నీటితోనే తడుపుకొని కప్పను పట్టుకోవాలి. పొడిచేయి దాని జిగురు పొరను తీసివేస్తుంది. గోడ మూలలో ఉంటే దానిపై డబ్బా బోర్లించి, అడుగున అట్టముక్క జరపడం ఇంకా మేలు. ఒంటికి అంటిన పోగులను గుంజరాదు. గది వెచ్చదనంలో ఉన్న నీటిని కప్ప పొట్ట మునిగేంత మాత్రమే ఒక పెట్టెలో పోసి, అందులో కూర్చోబెట్టాలి. బలహీనపడిన కప్ప లోతునీటిలో మునిగి చనిపోతుంది. కప్పకు ఈత నేర్పనక్కర లేదన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. నానిన పోగులు కొంతసేపటికి వాటంతటవే ఊడుతాయి. పెట్టెను చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచాలి. మేత మరునాటికి చూసుకోవచ్చు.

ఎండి, బిగుసుకొని, కళ్ళు లోతుకు పోయి కనిపించిన కప్ప తప్పక చనిపోయిందని వెంటనే నిర్ణయించరాదు. తీవ్రంగా ఎండిన కప్పలో కదలిక దాదాపు ఉండదు. తడిగుడ్డమీద, కొద్దినీటిలో ఉంచి కొన్ని గంటలు ఎదురుచూడాలి. గొంతుక్రింది చర్మం కదలడం తొలి శుభసూచన. కోలుకొన్నా గాయాలు, వాపు, ఎర్రమచ్చలు కనిపిస్తే ఉభయచరాలను చూసే పశువైద్యునికి చూపాలి. కుక్కలు, పిల్లులను చూసే వైద్యులందరూ కప్పలను చూడరు.

అది మన కప్పేనా?

వానాకాలంలో గరాజులోనో, ద్వారం వద్దనో కప్ప కనిపించగానే మనది దొరికిందని సంబరపడేముందు ఒకసారి పరిశీలించాలి. ఈ లోయలో సహజంగా నివసించే పసిఫిక్ కోరస్ కప్ప రెండు అంగుళాలకు మించదు. రంగు ఆకుపచ్చ కావచ్చు, గోధుమ కావచ్చు. ముక్కునుండి కంటి మీదుగా భుజంవరకు సాగే నల్లని చార దాని ఆనవాలు. హాలీవుడ్ చిత్రాలలో ప్రపంచంలోని ఏ అడవిలోనైనా వినిపించే కప్ప అరుపు చాలావరకు దీని గొంతే. దానిని గాజుపెట్టెలో పెట్టక, దొరికినచోటికి దగ్గరలోనే తడిగా ఉన్న పొదక్రింద వదలాలి.

మరొకటి ఎర్రకాళ్ళ కప్ప. మార్క్ ట్వైన్ 1865లో ప్రచురించిన ప్రసిద్ధ గెంతుడు కప్ప కథలోనిది ఈ జాతేనని భావిస్తారు. బంగారు వేటకు వచ్చినవారి భోజనబల్లలకు లెక్కలేనన్ని బలి అయి, నివాసాలు పోగొట్టుకొని, 1996లో సమాఖ్య ప్రభుత్వపు రక్షిత జీవుల జాబితాకు ఎక్కింది. 2014లో చేసిన చట్టం ద్వారా కాలిఫోర్నియా రాష్ట్రపు ఉభయచరంగా గౌరవం పొందింది. దానిని పట్టుకోవడం చట్టవిరుద్ధం.

పిల్లల ఆరోగ్యం

కప్ప దొరికిన ఆనందంలో పిల్లలు దానిని ముద్దాడబోతారు. ఇక్కడ తల్లిదండ్రులు కొంత కఠినంగా ఉండాలి. ఆరోగ్యంగా కనిపించే కప్ప కూడ సాల్మొనెల్లా సూక్ష్మజీవులను మోస్తూ ఉండవచ్చు. 2009 నుండి 2011 వరకు ఆఫ్రికా మరుగుజ్జు కప్పల మూలంగా వ్యాపించిన సాల్మొనెల్లా వ్యాధి 42 రాష్ట్రాలలో 240 మందికి పైగా సోకినట్లు నమోదైంది. వారిలో అధికులు పదేళ్ళలోపు పిల్లలు. చాలామంది కప్పను ముట్టుకొన్నవారే కానవసరం లేదు. తొట్టి నీరు తగిలినా చాలును.

కనుక వెదికిన తరువాత అందరూ సబ్బుతో చేతులు కడుగుకోవాలి. కప్ప పెట్టెను, పళ్ళేలను వంటింటి తొట్టిలో కడుగరాదు. అయిదేళ్ళలోపు పిల్లలు, వృద్ధులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు కప్పను ముట్టుకోకపోవడమే మంచిది. భారతదేశంనుండి ఆరునెలలు ఉండటానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు ఉన్న ఇంట్లో ఈ మాట మరీ ముఖ్యం.

ఏటిలో వదలవచ్చునా?

రెండుసార్లు తప్పించుకొన్న కప్పను మూడవసారి వెదికే ఓపిక పెద్దలకు ఉండదు. దానిని శాన్ రామన్ క్రీక్‌లో వదిలివేస్తే స్వేచ్ఛగా బ్రతుకుతుంది కదా అన్న ఆలోచన వస్తుంది. ఇది దయగా కనిపించే హింస.

1998లో శాస్త్రజ్ఞులు కప్పల చర్మానికి సోకే ఒక శిలీంధ్రాన్ని గుర్తించారు. కైట్రిడ్ అన్నది దాని వాడుకపేరు. అది చర్మంలో పెరిగి, లవణాలు రక్తంలోకి చేరే దారిని దెబ్బతీస్తుంది. సోడియం, పొటాషియం తరిగి కప్ప గుండె ఆగిపోతుంది. చర్మమే ప్రాణమైన జీవికి చర్మరోగమే మరణశాసనం. 2019లో వెలువడిన అంచనా ప్రకారం ఈ వ్యాధివల్ల 501 ఉభయచర జాతులు క్షీణించగా, వాటిలో 90 జాతులు అంతరించిపోయినట్లు భావిస్తున్నారు. దేశదేశాల కప్పల వ్యాపారం ఈ శిలీంధ్రాన్ని ఖండాలు దాటించింది. గాజుపెట్టెలో ఏ బాధా లేకుండా తిరిగే కప్ప కూడ దీనిని మోస్తూ ఉండవచ్చు. ఆ పెట్టెలోని నీటిని పెరటి కాలువలో పారబోయడం కూడ ప్రమాదమే.

కాలిఫోర్నియా ఈ పాఠాన్ని ఎక్కువ వెలపెట్టి నేర్చుకొన్నది. ఎర్రకాళ్ళ కప్పలు కరువైనప్పుడు తినడానికై 1896లో తూర్పుప్రాంతాలనుండి బావురుకప్పలను తెచ్చారు. అవి చెరువులనుండి చెరువులకు ప్రాకి, స్థానిక కప్పలను మ్రింగుతూ నేటికీ ఉన్నాయి. 1930ల నుండి గర్భనిర్ధారణ పరీక్షలకు వాడిన ఆఫ్రికా గోళ్ళకప్పలు, రసాయన పరీక్షలు వచ్చి వాటి అవసరం తీరిన తరువాత నీటివనరులలోకి చేరి పాతుకొన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని లిల్లీ పాండ్‌లో వాటిని నిర్మూలించడానికి ఏళ్ళు పట్టింది. అందుచేతనే ఆ జాతిని ప్రత్యేక అనుమతి లేకుండా ఈ రాష్ట్రంలో పెంచరాదు. మరుగుజ్జు కప్ప ముందు కాళ్ళ వ్రేళ్ళ మధ్య కూడ పొర ఉంటుంది; గోళ్ళకప్ప ముందు వ్రేళ్ళు విడివిడిగా ఉంటాయి. కొనేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. పరదేశపు ఉభయచరాలను అనుమతి లేకుండా బయట వదలడం కూడ కాలిఫోర్నియాలో నేరమే. పెంచలేనివారు ఉభయచరాల సంరక్షణ సంఘాలకో, తెలిసిన మరొక కుటుంబానికో అప్పగించాలి.

మూతకంటే ముందు

కప్ప పారిపోవడం అవిధేయత కాదు. పెట్టె మరీ వేడెక్కితే, నీరు చెడిపోతే, దాగడానికి చోటు లేకపోతే అది మెరుగైన చోటు వెదుకుతుంది. తల పట్టే సందు దొరికితే మెత్తని ఒళ్ళంతా వెంట వస్తుంది. కాబట్టి బిగుతైన మూత, దానికి కొక్కెం, తీగలు దూరే రంధ్రాలకు నురుగుముక్క ఎంత అవసరమో, లోపలి తేమను, వేడిని కొలిచే చిన్న యంత్రాలు అంతకంటే అవసరం. మేత వేసిన తరువాత మూత సరిచూసే పని పిల్లల వంతు చేసి, ఆ మాట ఒక చీటీమీద తెలుగులో వ్రాసి పెట్టెకు అంటించమని చెబితే భాషా వస్తుంది, బాధ్యతా వస్తుంది.

కొన్ని కప్పలు దొరకవు. కొన్ని ఆలస్యంగా, రిఫ్రిజిరేటరు జరిపిననాడు దొరుకుతాయి. అటువంటప్పుడు పిల్లలు చూడకముందే అదే రంగు కప్పను కొని తెచ్చి పెట్టెలో వేయడం పెద్దలకు సులభమనిపిస్తుంది. పిల్లలు ఆ తేడాను పట్టుకొంటారు. పట్టుకొన్న తరువాత నమ్మరానిది కప్పను కాదు, మనను. జరిగినది జరిగినట్లు చెప్పి, చర్మంతో త్రాగి చర్మంతో ఊపిరి పీల్చే ప్రాణికి మన పొడి ఇల్లు ఎంత దూరాభారమైన ప్రయాణమో వివరించి, కుండీలో పూడ్చేటప్పుడు వారిని పక్కన నిలబెట్టుకోవడమే సరియైనది. ఆ రోజు వారు నేర్చుకొన్న జీవశాస్త్రం మైనపు పళ్ళెంలో మనం నేర్చుకొన్నదానికంటే తక్కువేమీ కాదు.